తుడుపు పావుగంట

ఆ లాండ్రీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె గడియారమ్మ. చేతికి గడియారం ఉంటుందని కాదు. దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ దగ్గర పనిచేసేవాళ్లు గడియారం కాదుగదా, ఉంగరం కూడా పెట్టుకోకూడదు. తనతో కలిపి ఆ వరసలో పనిచేసే పదకొండు మంది కార్డులూ మూడేళ్లుగా ఆమే కొడుతోంది కాబట్టి ఆ పేరు పడింది.

వచ్చిన టైం, వెళ్లిన టైం కార్డు మీద గుద్దే యంత్రం గేటు పక్కన ఉంటుంది. రోలర్లేమో షెడ్డుకు ఆ చివర. మధ్యలో ఉతికే మిషన్లు, ఆరబెట్టే డ్రమ్ములు, తడి దుప్పట్లు నింపిన తోపుడు బళ్లు. వాటన్నిటినీ తప్పించుకుని గేటు చేరేసరికి అయిదు నిమిషాలు పడుతుంది. నాలుగింటికి సైరన్ మోగి షిఫ్టు అయిపోయాక ఎవరి కార్డు మీదైనా నాలుగూ అయిదు పడిందో, మర్నాడు పొద్దున్నే మేస్త్రీ ఆ కార్డు పట్టుకుని వచ్చేసేవాడు.

"ఈ అయిదు నిమిషాలు ఎవరి లెక్కలో వెయ్యమంటావ్? మీ మామగారి లెక్కలోనా?"

కార్డు మీద అదనపు సమయం పడితే అతను పైవాళ్లకు సంజాయిషీ రాయాలి. ముప్ఫై ఏళ్లుగా లాండ్రీలో ఉన్న మనిషి. ఏ రోలర్ ఎక్కడ మూలుగుతోందో చెవితో పట్టేస్తాడు. సంజాయిషీ రాయమంటే మాత్రం జ్వరం వచ్చినవాడిలా అయిపోతాడు.

అందుకని ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరూ పెట్టలేదు, ఎవరూ కాదనలేదు. నాలుగింటికి అయిదు నిమిషాలు ఉందనగా గడియారమ్మ గేటు దగ్గరికి నడిచేది. సైరన్ మోగగానే పదకొండు కార్డులూ టకటకా కొట్టేసి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేది. "మన కార్డులు అదృష్టం చేసుకున్నాయే. నాలుగింటికల్లా ఇంటికెళ్లిపోతాయి" అనేది.

మనుషులు మాత్రం వెళ్లేవాళ్లు కాదు. సైరన్‌తోనే మొదలయ్యేది తుడుపు.

తుడుపు అంటే పావుగంట పని. రోలర్ అంటే పక్కపక్కన తిరిగే రెండు పెద్ద పీపాలు అనుకోవాలి. లోపల నిప్పులాంటి వేడి. ఈ పక్కనుంచి తడి దుప్పటి ముడతలతో వెళ్తే ఆ పక్కనుంచి పొడిగా, గీత పెట్టినట్టు వస్తుంది. రోజంతా తిరిగేసరికి దానికి నూగు పట్టేస్తుంది. వేడి మీద తుడవకపోతే తెల్లారేసరికి అట్టకట్టి, ఉతకడానికి వచ్చే ఆసుపత్రి దుప్పట్ల మీద గోధుమరంగు చారలు పడతాయి. కాబట్టి యంత్రాన్ని నెమ్మదిగా తిప్పుతూనే తుడవాలి. రోలర్ ముందు ఒక ఇనప కడ్డీ ఉంటుంది. చెయ్యి తగిలితే చాలు, యంత్రం ఆగిపోతుంది. తుడిచేటప్పుడు దాని మీదకు వంగక తప్పదు, వంగితే తగలక తప్పదు. అందుకని దాన్ని పాత దుప్పటి పీలికతో పైకి కట్టేసేవాళ్లు. ఆమె పనిలో చేరిన రోజుకే ఆ పీలిక అక్కడుంది. చిరిగిపోయినప్పుడల్లా మేస్త్రీయే కొత్తది చింపి కట్టేవాడు.

ఆ రోజు నాలుగూ పదికి ఆమె చేతిలోని తుడుపుగుడ్డ అంచు రోలర్లో చిక్కుకుంది. ఆమె లాగింది. రోలర్ కూడా లాగింది. గుడ్డను వదిలేసి ఉంటే సరిపోయేది. కానీ ఇరవై ఏళ్లకు పైగా బట్టలతోనే బతికిన చెయ్యి, పట్టుకున్న బట్టను వదలడం దానికి తెలియదు.

అవతలి పక్కనున్న బొద్దు చేతిలో బట్టలగుట్ట ఉండటంతో తుంటితో యంత్రం ఆపే ఎర్ర స్విచ్చును గుద్దింది. బొద్దు అంటే రోలర్ మీద ఆమె జోడీ, నాలుగేళ్లు చిన్నది, మనిషి భారీగా ఉంటుంది. "నా లావును ఇన్నాళ్లూ వెక్కిరించారు కదా" అని తర్వాత చాలామందికి చెప్పుకుంది.

ఆసుపత్రిలో మెలకువ వచ్చాక ఆమె మొదట చూసింది దుప్పటి అంచును. మూలన నీలం దారంతో కుట్టిన లాండ్రీ గుర్తు ఉంది. తన రోలర్ మీంచి వచ్చిందే. ఎడమ మూల కాస్త వంకరగా ఉంది. అది బొద్దు పట్టుకునే వైపు. దానికి ఎన్నిసార్లు చెప్పినా అంతే, అనుకుంది. ఆ తర్వాత కుడిచేతి వైపు చూసింది. మోచేతి దాకా కట్టు. బొటనవేలు, చూపుడువేలు కదులుతాయని, మిగిలిన మూడింటి సంగతి ఇప్పుడే చెప్పలేమని డాక్టరు అన్నాడు. చెప్పలేమంటే ఏమిటో ఆమెకు అర్థమైంది.

ఆరో రోజున ఆఫీసు నుంచి మెత్తని సార్ వచ్చాడు. ఉద్యోగుల వ్యవహారాలు చూసే మనిషి. ఎప్పుడూ గొంతు పెంచడు. ఆయన ఎంత మెత్తగా మాట్లాడితే అంత గట్టి దెబ్బ రాబోతోందని షెడ్డులో అందరికీ తెలుసు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఎలా ఉందమ్మా?"

"ఉంది సార్. మూడు వేళ్లు మాత్రం ఉన్నా లేనట్టే ఉన్నాయి."

"అయ్యో." ఆయన సంచిలోంచి ఒక కవరు, ఒక కాగితం తీశాడు. "ఇది కంపెనీ తరఫున చిన్న సాయం. రూలు ప్రకారం ఇవ్వక్కర్లేదు. మేనేజర్ గారే మానవత్వంతో ఇమ్మన్నారు."

"రూలు ప్రకారం ఎందుకివ్వక్కర్లేదు సార్?"

"మీరు పనిలో లేరు కదమ్మా."

ఆమె ఒకసారి తన కట్టును చూసుకుంది, ఒకసారి ఆయన్ను చూసింది.

"మరి ఎక్కడున్నాను సార్?"

"కార్డు నాలుగింటికి పడింది. మీరు కొట్టుకున్నదే. దెబ్బ తగిలింది నాలుగూ పదికి. నాలుగు తర్వాత మీరు అక్కడ ఎందుకున్నారో కంపెనీకి తెలీదు." చాలా మెత్తగా చెప్పాడు.

"ఆ కాగితంలో ఏముందో చదవండి సార్."

"ఏముందమ్మా, మామూలుదే. 'విధులు ముగిసిన పిమ్మట, అనుమతి లేకుండా యంత్రము వద్ద ఉండి, స్వీయ అజాగ్రత్త వలన గాయపడితిని. యాజమాన్యము దయతో చేసిన సాయము స్వీకరించితిని. ఇక మీదట ఏ విధమైన...'"

"అనుమతి లేకుండానా? అక్కడ ఇంకోసారి చదవండి."

ఆయన చదవలేదు. ఇంకుపెట్టె మూత తీశాడు. "కుడిచెయ్యి ఇబ్బందని తెలుసు. ఎడమచేతి వేలిముద్ర అయినా సరిపోతుంది."

"వేలిముద్ర ఎందుకు సార్, నాకు సంతకం వచ్చు. కుడిచేత్తో. అది బాగయ్యాక పెడతాను."

"అది ఎప్పటికి బాగవుతుందమ్మా?"

"నేనూ డాక్టరు గార్ని అదే అడుగుతున్నాను."

కవరైనా ఉంచుకోమన్నాడు. వద్దంది. సంతకం లేకుండా కవరివ్వడానికి ఆయనా సిద్ధంగా లేడనుకోండి. లేచి ఇంకుపెట్టె మూత పెట్టబోతే వేలికి ఇంకు అంటింది. తుడుచుకోవడానికి అటూ ఇటూ చూశాడు.

"దుప్పటికి తుడవకండి సార్" అంది ఆమె. "ఇంకు మరక పోదు. మళ్లీ మాకే వస్తుంది."

వాళ్ల ఇల్లు సైకిళ్ల రిపేరు షాపు మీద రెండు గదులు. కింద గొట్టంతో గాలి కొడితే పైన గచ్చు అదురుతుంది. భర్త బడి పిల్లల వ్యాను నడుపుతాడు. రోజంతా ముప్ఫై మంది పిల్లల అరుపులు వినీవినీ ఇంట్లో ఎవరు ఏమన్నా సరేననేస్తాడు. అత్తగారు ఒకప్పుడు కట్టడం పనుల్లో రాళ్లు మోసిన మనిషి. కాలు కుంటుతుంది, నోరు మాత్రం ఎక్కడా కుంటదు.

ఇంటికొచ్చిన మర్నాడు అత్తగారు ఆమెకు జడ వేస్తోంది. ఒంటిచేత్తో జడ వేసుకోవడం కుదరదని ఆ వారంలోనే తెలిసింది. బొత్తాలు పెట్టుకోవడం, సీసా మూత తీయడం, చిల్లర లెక్కపెట్టుకోవడం కూడా కుదరవని ఒక్కొక్కటే తెలిసొస్తోంది.

"పోనీ ఆ కవరు తీసుకోవాల్సింది" అన్నాడు భర్త. "వాళ్లతో పెట్టుకుని ఏం గెలుస్తాం? ఉన్న ఉద్యోగమైనా మిగులుతుంది."

"ఏ చేత్తో చేస్తానండీ ఆ ఉద్యోగం?"

అత్తగారు జడపాయ బిగించి లాగింది.

"ఒరే, నా కాలి మీద బండ పడ్డప్పుడు మా మేస్త్రీ ఏమిచ్చాడో తెలుసా నీకు? సోడా. నిమ్మకాయ పిండింది కూడా కాదు, ఉత్త సోడా. నీ పెళ్లానికి కవరిస్తున్నారు. రోజులు బాగుపడ్డాయిరా."

"అంటే తీసుకోమనేనా అమ్మా నువ్వనేది?"

"ఆ సోడా తాగేశాను కాబట్టి నాకింకేం రాలేదు. 'సోడా ఇప్పించాం కదా' అన్నారు. తాగకుండా పారబోసి ఉండాల్సింది." మళ్లీ ఒక పాయ లాగింది. "నువ్వు వెళ్లి ఎక్కడ అడగాలో అక్కడ అడుగు పిల్లా. ఇల్లు నేను చూసుకుంటా."

"కొంచెం మెల్లగా లాగండి అత్తయ్యా. ఉన్న జుట్టుకు కూడా పరిహారం అడగాల్సొస్తుంది."

కార్మిక శాఖ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. మెట్ల దగ్గరే కుర్చీలు విరిగి గుట్టగా పడున్నాయి. కౌంటర్ కిటికీ ఛాతీ ఎత్తులో ఉండటంతో వచ్చిన ప్రతివాళ్లూ వంగే మాట్లాడాలి. ఆమె వంగలేదు. ఒక పక్కకు జరిగి నిలబడింది. దాంతో లోపలున్న గుమాస్తా మెడ చాచి చూడాల్సి వచ్చింది. అతనికి గట్టి జలుబు చేసింది. ప్రతి రెండు మాటలకూ ముక్కు తుడుచుకుంటున్నాడు.

"పనిలో దెబ్బ తగిలితే ఏమొస్తుందో తెలుసా అమ్మా?"

"సాయం వస్తుందని మా ఆఫీసు సార్ చెప్పారు."

"సాయం వరదలొస్తే ఇస్తారు. ఇది పరిహారం." ముక్కు తుడుచుకున్నాడు. "ఆపరేషను, మందులు, మళ్లీ చెయ్యి ఆడటానికి చేయించే కసరత్తు, ఆ ఖర్చులు మీవి కావు. పనికెళ్లలేని రోజులకు జీతంలో కొంత వస్తుంది. మొత్తం రాదు. ముందే చెబుతున్నా, తర్వాత నా మీద పడొద్దు. చెయ్యి ఎంత మేరకు పనికిరాకుండా పోయిందో డాక్టరు రాస్తాడు. దాన్నిబట్టి విడిగా ఒక మొత్తం. పాత పని చెయ్యలేకపోతే, చెయ్యగలిగే పని చూపించమని అడగొచ్చు."

ఆమె ఇంత వస్తుందని అనుకోలేదు. అనుకోనందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"మరి తప్పు నాదైతే?"

"తాగి వెళ్లారా?"

"లేదు."

"కావాలని పెట్టారా చెయ్యి?"

"నాకేమన్నా పిచ్చా?"

"అయితే తప్పెవరిదని మేం అడగం. మేం అడిగేది రెండే. పనిలో ఉండగా జరిగిందా, పని వల్ల జరిగిందా. అవునంటే ఇక్కడ, కాదంటే ఇంటికి. ఎన్ని గంటలకు జరిగింది?"

"నాలుగూ పదికి."

"కార్డు ఎన్నింటికి పడింది?"

"నాలుగింటికి."

కలం ఆగిపోయింది. "కార్డు ప్రకారం అప్పటికి మీరు ఇంటిదారి పట్టేశారమ్మా."

"అయితే రోలర్ నా వెనకాల వచ్చిందా బాబూ?"

వెనక వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. గుమాస్తా కూడా నవ్వబోయి తుమ్మాడు.

"నేను నమ్ముతున్నానమ్మా. కాగితం నమ్మాలి కదా. నాలుగు తర్వాత మీరు పనిలోనే ఉన్నారని చెప్పే కాగితం ఒక్కటి తీసుకురండి. దానికంటే ముందు, దెబ్బ తగిలిన సంగతి కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక నకలు మాకివ్వండి. గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది."

ఆ ఉత్తరం ఆమె ఎడమచేత్తోనే రాసింది. భర్త రాసిపెడతానన్నా ఒప్పుకోలేదు. రెండు పేజీలకు రెండు రోజులు పట్టింది. అక్షరాలు కొన్ని అటు వాలాయి, కొన్ని ఇటు వాలాయి. ఏం రాయాలో తెలుసు కాబట్టి చెయ్యి ఆగినా మాట ఆగలేదు. పదకొండు కార్డులూ తానే కొడుతున్నానని, కొట్టాక తుడుపు చేస్తామని, మూడేళ్లుగా ఇదే పద్ధతని, మేస్త్రీకి తెలుసని రాసింది. కార్డుల సంగతి దాచి తుడుపు సంగతి చెప్పడం ఎలాగో ఆమెకు తోచలేదు. అసలు దాచాలని కూడా అనిపించలేదు.

ఉత్తరం అందిన సాయంత్రమే మేస్త్రీ ఇంటికొచ్చాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చున్నాడు.

"ఏం పనమ్మా ఇది? ఒకరి కార్డు ఇంకొకరు కొడితే పనిలోంచి తీసేస్తారని తెలుసు కదా నీకు?"

"తెలుసు మేస్త్రీ గారూ."

"నిన్నొక్కదాన్నే తీసేస్తే సరే అనుకుందాం. పదకొండు మంది పేర్లూ నువ్వే రాసిచ్చావ్. పదకొండు పొయ్యిలు ఆర్పుతావా?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్లో సర్దుకుంది.

"పీలిక ఇంకా ఉందా?" అని అడిగింది.

"ఏ పీలిక?"

"కడ్డీకి కట్టేది."

మేస్త్రీ నేల చూశాడు. "అది లేకుండా తుడుపు ఎలా అవుతుంది?"

"అదే నేనూ రాశాను."

రెండు రోజులకు బొద్దు వచ్చింది. కూర్చోలేదు.

"అక్కా, అందరం భయపడి చస్తున్నాం. ఇద్దరైతే నీ మీద పళ్లు నూరుతున్నారు."

"నూరనీ. ఏం చెప్పమన్నారు మిమ్మల్ని?"

"నా కార్డు నేనే కొట్టుకుని నాలుగింటికి వెళ్లిపోయానని చెప్పమన్నాడు మేస్త్రీ."

"చెప్తావా?"

బొద్దు తలుపు గడియతో ఆడుకుంటూ నిలబడింది. "నాలుగింటికి వెళ్లిపోతే స్విచ్చు ఎవరు కొట్టారంటారు అక్కా?"

"నీ తుంటే లేకపోతే ఈ చెయ్యి భుజం దాకా పోయేది. నువ్వేం చెప్పినా నీ మీద నాకు కోపం రాదు. అబద్ధం చెప్పకపోతే మాత్రం సంతోషిస్తా."

కాగితం దొరికింది ఆసుపత్రిలో. కట్టు మార్పించుకోవడానికి వెళ్తే, నర్సు కట్టు కట్టడం అయిన వెంటనే మంచానికి వేలాడే పట్టికలో టైం వేసి సంతకం పెట్టింది.

"ఇప్పుడే రాయాలా సిస్టర్? తర్వాత రాస్తే కుదరదా?"

"చేసిన టైం, చేసినవాళ్ల సంతకం వెంటనే ఉండాలమ్మా. రాయకపోతే చెయ్యనట్టే."

ఆమె ఆ పట్టికను మళ్లీ చూసింది. రోలర్ పక్క స్తంభానికి కూడా అలాంటి పట్టికే ఉంటుంది. ఒకప్పుడు దుప్పట్ల మీద చారలు పడ్డాయని గొడవ చేసి ఆసుపత్రివాళ్లే పెట్టించిన పట్టిక. యంత్రం నంబరు, శుభ్రం చేసిన టైం, సంతకం. మూడేళ్లుగా రోజూ తుడుపు అయ్యాక చేతులు దులుపుకుని ఆమె అందులో నాలుగూ పావు వేసి సంతకం పెడుతోంది. కార్డు జీతం కాగితం, పట్టిక శుభ్రం కాగితం. రెండూ ఒకే మనిషి గురించి రెండు రకాలుగా చెబుతున్నాయని ఆమెకు ఎన్నడూ తట్టలేదు. తట్టడానికి ఆ రెండూ ఒకే బల్ల మీద ఎప్పుడూ కలవలేదు మరి.

అసలు పట్టిక లాండ్రీలో ఉంటుంది. ఈపాటికి ఉందో లేదో. కానీ దాని కార్బన్ కాపీ నెలాఖరున దుప్పట్ల బండిలోనే ఆసుపత్రికి వస్తుంది. కట్టు తడి ఆరకముందే ఆమె కింది అంతస్తులోని దుప్పట్ల గదికి వెళ్లింది. అక్కడి సిస్టర్ కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఆ కాపీలు ఎవరికీ ఇవ్వకూడదమ్మా."

"నాకివ్వొద్దు సిస్టర్. ఉన్నాయో లేదో చెప్పండి చాలు."

"ఎందుకుండవు? మొదటి నెల నుంచీ ఉన్నాయి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మేం బండి వెనక్కి పంపిస్తాం."

ఆ మాట ఆమె గుమాస్తా దగ్గరికి మోసుకెళ్లింది. అతనికి జలుబు తగ్గింది, చురుకు పెరిగింది. ఫైలు పంపమని ఆసుపత్రికి అప్పటికప్పుడు ఉత్తరం కొట్టించాడు.

విచారణ ఒక చిన్న గదిలో జరిగింది. బల్లకు అవతల విచారణాధికారి, యాభై దాటిన ఆవిడ, మాట తక్కువ మనిషి. ఇవతల ఒక పక్క మెత్తని సార్, మేస్త్రీ. ఇంకో పక్క ఆమె. బయట బెంచీ మీద భర్త, అత్తగారు, బొద్దు, వరసలోని మరో ముగ్గురు. మిగతావాళ్లు రాలేదు. వాళ్లను ఆమె తప్పుపట్టలేదు, కానీ ఎవరెవరు రాలేదో మాత్రం చూసుకుంది.

మెత్తని సార్ కార్డు చూపించాడు. నాలుగు గంటలు, స్పష్టంగా ఉంది. ఆ తర్వాత జరిగినదానితో యాజమాన్యానికి సంబంధం లేదన్నాడు. కార్మికురాలే మోసపూరితంగా పదకొండు కార్డులు కొట్టినట్టు ఒప్పుకుందని కూడా చెప్పాడు. మోసపూరితంగా అన్న మాటను ఎంత మెత్తగా అన్నాడంటే అధికారి మళ్లీ అడగాల్సి వచ్చింది.

"నిజమేనా?" అని ఆమె వైపు తిరిగింది అధికారి.

"కార్డులు కొట్టింది నిజమేనండి. మూడేళ్లు కొట్టాను. అది తప్పే, రాసుకోండి. ఆ తర్వాత మూడేళ్లు రోలర్ తుడిచాను, అది కూడా రాసుకోండి. మోసమంటారా, ఆ మోసంలో నాకు రోజుకో పావుగంట పోయింది. లాభం ఎవరికి వచ్చిందో సార్నే అడగండి."

అధికారి ఆసుపత్రి ఫైలు తెరిచింది. పేజీలు తిప్పుతూ వెళ్లింది. నాలుగూ పావు, సంతకం. నాలుగూ పావు, సంతకం. ఒక పేజీ దగ్గర ఆగి, ఫైలును ఆమె వైపు తిప్పింది.

"ఈ సంతకం మీదేనా?"

అది దెబ్బ తగిలిన రోజు. యంత్రం నంబరు ఉంది. టైం నాలుగూ పావు ఉంది. ఎదురుగా ఆమె పేరు, పొడుగు తోకతో సహా. ఆమె వంగి చూసింది, ఇంకా వంగి చూసింది.

"నాది కాదండి. అప్పటికి నా చెయ్యి రోలర్లోంచి బయటికొచ్చి అయిదు నిమిషాలే అయింది. కలం పట్టుకునే స్థితిలో లేదు."

"మరి ఎవరిది?"

మేస్త్రీ మెత్తని సార్ వైపు చూశాడు. మెత్తని సార్ కిటికీ వైపు చూశాడు.

"ఖాళీ వదిలితే ఆసుపత్రివాళ్లు బండి వెనక్కి పంపేస్తారండి" అన్నాడు మేస్త్రీ. "ఎందుకు ఖాళీ అంటూ సంజాయిషీ రాయమంటారు. అందుకని..."

"అందుకని?"

"నేనే వేశానండి."

"అంటే రోజూ నాలుగూ పావుకి ఈవిడ యంత్రం శుభ్రం చేస్తుందని మీకు తెలుసు."

"చెయ్యకపోతే ఎలాగండి?" మేస్త్రీకి ఒక్కసారి పని గుర్తొచ్చి గొంతు లేచింది. "వేడి మీద తుడవకపోతే చారలు పడిపోవూ? మా దుప్పట్ల మీద చార చూపించమనండి, మూడేళ్లలో ఒక్కటి. ఒక్క రోజు కూడా తుడుపు మానలేదు మా వరస."

మెత్తని సార్ కళ్లు మూసుకున్నాడు. అధికారి ఆ మాటలన్నీ మేస్త్రీ చెప్పినవి చెప్పినట్టుగా రాయించింది. ఆ తర్వాత బొద్దును పిలిచింది. బొద్దు లోపలికొచ్చి, అడక్కముందే, "స్విచ్చు కొట్టింది నేనేనండి, తుంటితో" అంది.

తీర్పు మూడు వారాలకు వచ్చింది. భర్త చదివాడు. "పనిలో ఉండగా, పని వల్ల కలిగిన గాయముగా నిర్ణయించడమైనది." ఆమె ఇంకోసారి చదవమంది. వైద్య ఖర్చులు, పని మానిన రోజులకు జీతంలో భాగం, చేతికి కలిగిన నష్టానికి ఒక మొత్తం, చెయ్యగలిగిన పని. గుమాస్తా ముక్కు తుడుచుకుంటూ చెప్పినవన్నీ ఉన్నాయి.

"సోడా సంగతేమన్నా రాశారా అందులో?" అంది అత్తగారు.

కార్డులు కొట్టినందుకు పదకొండు మందికీ హెచ్చరిక ఉత్తరాలు వచ్చాయి. ఎవర్నీ తీసెయ్యలేదు. పదకొండు మందిని ఒకేసారి తీసేస్తే ఆసుపత్రిలో రోగులు చాపల మీద పడుకోవాలి. వరసలో ఇద్దరు మాత్రం ఆమెతో ఇప్పటికీ మాట్లాడరు. రోలర్ ఇప్పుడు నాలుగింటికి పావుగంట ముందే ఖాళీ అవుతుంది. తుడుపు షిఫ్టులోనే. పీలిక పోయింది, దాని బదులు పొడుగు కర్రకు బిగించిన తుడుపుగుడ్డ వచ్చింది. అది సరిగా తుడవదని మేస్త్రీ గొణుగుతూనే ఉంటాడు. ఆమెకు మడత బల్ల దగ్గర దుప్పట్లు పరీక్షించే పని ఇచ్చారు. వంకర మూల కనిపిస్తే ఎడమచేత్తో ఎత్తి బొద్దుకు చూపిస్తుంది.

డబ్బు అందించే రోజున షిఫ్టు అయ్యాక మెత్తని సార్ తన గదికి పిలిపించాడు. చెక్కు, రసీదు బల్ల మీద పెట్టాడు. రసీదు చదువుతూ ఆమె ఒక చోట ఆగింది.

"ఇక్కడ సాయం అని ఉంది సార్."

"అది పాత నమూనా అమ్మా. ఏదైతేనేం, అంకె సరిగ్గానే ఉంది కదా."

"సాయమైతే నాకొద్దు. పరిహారం అని కొట్టించండి."

"టైపిస్టు వెళ్లిపోయే వేళయింది."

"నేను కూర్చుంటాను సార్. నా షిఫ్టు అయిపోయింది. ఇప్పుడు నేను నిజంగానే పనిలో లేను."

ఆయన లేచి వెళ్లి, కొత్త కాగితంతో వచ్చాడు. సంచిలోంచి ఇంకుపెట్టె తీయబోయి, ఆమె ముఖం చూసి, మళ్లీ లోపల పెట్టేశాడు. ఆమె కలాన్ని కుడిచేతి బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఇరికించింది. మిగిలిన మూడు వేళ్లు బిగుసుకుని పక్కకు ఉండిపోయాయి. సంతకం మెల్లగా సాగింది. మధ్యలో కలం రెండుసార్లు జారింది. ఆమె ఎడమచెయ్యి సాయానికి రానివ్వలేదు. పొడుగు తోక దగ్గర గీత వణికి, పక్క గడిలోకి వెళ్లిపోయింది.

"మీ పాత సంతకంతో కలవడం లేదమ్మా" అన్నాడు మెత్తని సార్.

"పాతది మేస్త్రీ గారు బాగా వేస్తారు సార్. నాది ఇక ఇదే."

సంతకం పక్కన తేదీ, సమయం వెయ్యడానికి గడులున్నాయి. తేదీ వేసింది. సమయం దగ్గర తలెత్తి గోడ గడియారం వైపు చూసింది.

"నాలుగని వేసెయ్యండమ్మా, సరిపోతుంది."

ఆమె నాలుగూ పన్నెండు అని వేసింది.